చిత్తూరు–తిరుపతి రోడ్డు: దారి ఎలా ఏర్పడింది, అంకెలు ఎందుకు మారాయి, రోజూ తిరిగినవారు ఏమి చూశారు

ఐతేపల్లి వాసి

సభ్యులందరికీ నమస్కారం. నేను చంద్రగిరి నుంచి చిత్తూరుకు 24 సంవత్సరాలు ఉద్యోగరీత్యా రోజూ వెళ్లి వచ్చాను. పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్న తరువాత, ఇన్నేళ్లు నన్ను మోసిన ఆ రోడ్డు గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది. ఉదయం చంద్రగిరిలో బస్సు ఎక్కినప్పుడు ఎండ వీపు వైపు ఉండేది. పూతలపట్టు దాటిన తరువాత అదే ఎండ ఎడమ కిటికీలోకి వచ్చి ఒళ్లో పెట్టుకున్న క్యారియర్ మీద పడేది. అంటే చిత్తూరు దక్షిణాన ఉన్నప్పటికీ, మన రోడ్డు ముందు చాలా దూరం పడమరకు పోయి, ఆ తరువాతే దక్షిణానికి తిరుగుతోంది. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే తిరుపతికీ చిత్తూరుకూ మధ్య సుమారు 57 కిలోమీటర్లే ఉంటుంది. రోడ్డు మీద మాత్రం మనం 70 కిలోమీటర్ల దాకా తిరుగుతున్నాము.

ఈ వంపు ఎందుకు వచ్చింది? ఇది మొదటి నుంచీ ఒకే రోడ్డా, లేక వేర్వేరు రోడ్లను అతికించి చేసినదా? దీని పేరు, అంకె ఎన్నిసార్లు మారాయి? తెలిసినవారు వివరంగా వ్రాయవలసిందిగా కోరుతున్నాను.

సర్వే రాయి

ఐతేపల్లి వాసి గారూ, మీరు ఎండను చూసి పట్టుకున్న విషయాన్ని మేము సర్వే పటాలలో పట్టుకున్నాము. నేను రోడ్ల శాఖలో పని చేసి విరమించిన ఇంజనీరును. నాకు తెలిసినంత వరకు చెబుతాను.

తిరుపతి నుంచి చిత్తూరుకు గీత గీసినట్లు వెళ్లాలంటే నేరుగా కొండల మీదికే ఎక్కవలసి వస్తుంది. అటు లోపలి దారి లేకపోలేదు. వెదురుకుప్పం, పెనుమూరు మీదుగా ఉన్న రోడ్డు అదే. అయితే అది ఊరూరూ తిరుగుతూ పోయే రోడ్డు, బరువు బండ్ల రాకపోకలకు ఏనాడూ ప్రధాన మార్గం కాలేదు. బండ్లు, గుర్రాలు, ఆ తరువాత మోటార్లు ఎంచుకున్నది స్వర్ణముఖి లోయను. తిరుపతి నుంచి తొండవాడ, చంద్రగిరి, ఐతేపల్లి, పనపాకం దాకా రోడ్డు ఆ లోయను పట్టుకుని ఎగువకు పోతుంది. ఎడ్లకు బరువు తెలియనంత మెల్లని ఎత్తు అది. ఆ తరువాత గాదంకి, నేండ్రగుంట మీదుగా నైరుతికి సాగి, పూతలపట్టు దగ్గర ఉత్తరం నుంచి వచ్చే కర్నూలు–చిత్తూరు రోడ్డును కలుస్తుంది. అక్కడి నుంచి చిత్తూరుకు నేరుగా దక్షిణం.

ఈ రోడ్డు మీద చాలామంది గమనించని ఒక విశేషం ఉంది. చంద్రగిరి వైపు కురిసిన వాన స్వర్ణముఖిలో చేరి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సముద్రానికి పోతుంది. చిత్తూరులో కురిసిన వాన నీవా నదిలో చేరి, పొన్నై ద్వారా పాలారులోకి పోయి, తమిళనాడు మీదుగా అదే సముద్రానికి చేరుతుంది. గంటన్నర బస్సు ప్రయాణంలో మీరు ఒక నది పరివాహక ప్రాంతం నుంచి మరొక నది పరివాహక ప్రాంతానికి దాటుతున్నారు. కనుమ, ఘాట్ వంటివి ఏమీ లేకుండా అంత మెత్తగా దాటగలగడమే ఈ దారిని దారిగా నిలిపింది. ఇదే తిరుపతి నుంచి పీలేరు వైపు వెళ్లేవారిని అడగండి, భాకరాపేట కనుమలో మలుపులు ఎట్లా ఉంటాయో చెబుతారు.

కాబట్టి మీ రెండవ ప్రశ్నకు నా సమాధానం: ఇది రెండు రోడ్ల అతుకు. పూతలపట్టు ఆ అతుకు ముడి.

పాకాల జంక్షన్

సర్వే రాయి గారి మాటకు రైలు కూడా సాక్ష్యం చెబుతుంది. 1890ల తొలినాళ్లలో దక్షిణ భారత రైల్వే కాట్పాడి, చిత్తూరు, పాకాల, చంద్రగిరి, తిరుపతి మీదుగా మీటరుగేజి పట్టాలు వేసినప్పుడు, ఆ ఇంజనీర్లు కూడా పనపాకం, ముంగిలిపట్టు, చంద్రగిరి మీదుగా ఇదే లోయను ఎంచుకున్నారు. రైలుకు ఎత్తు అసలు పనికిరాదు కాబట్టి, వారు ఎంచుకున్న దారే ఈ ప్రాంతంలో అన్నింటికన్నా చదునైనదని అనుకోవచ్చు. ఒక తేడా మాత్రం ఉంది. రైలు పాకాల ఊళ్లోకి వచ్చింది, ధర్మవరం లైను అక్కడే చీలింది, కనుక పాకాల జంక్షన్ అయింది. తిరుపతి రోడ్డు మాత్రం పాకాలను పక్కన పెట్టి నేండ్రగుంట మీదుగా పోయింది. మా నాన్నగారి తరం వారు "పాకాలకు రైలు, నేండ్రగుంటకు బస్సు" అనేవారు.

రాజమహల్ వీధి

నేను చంద్రగిరి నివాసిని, చరిత్ర బోధించిన ఉపాధ్యాయుణ్ణి. దారి పూర్వచరిత్ర గురించి కొంత చెప్పే ప్రయత్నం చేస్తాను.

విజయనగర రాజుల చివరి కాలంలో పెనుకొండ తరువాత చంద్రగిరి రాజధాని అయింది. వేలూరు కోట కూడా ఆ రాజుల స్థావరాలలో ఒకటి. 1639లో ఆంగ్లేయ కంపెనీకి మద్రాసు స్థలం దక్కింది కూడా ఆ రాజుల సామంతుల చేతనే. చంద్రగిరి, వేలూరు కోటల మధ్య రాజు, సైన్యం, ఉత్తరాలు మోసే వారు తిరగక తప్పదు. ఆ రెండింటి మధ్య చిత్తూరు సహజంగానే దారిలో పడుతుంది. అందువల్ల ఈ రోడ్డు మొదట చిత్తూరు–తిరుపతి రోడ్డుగా కాక, వేలూరు–చంద్రగిరి దారిగా బ్రతికిందని నా అభిప్రాయం. దీనికి నా దగ్గర శాసనం లేదు. కోటలు ఉన్న చోట్లను, కొండల మధ్య ఉన్న సందులను చూసి నేను చేసుకున్న ఊహ ఇది.

ఆంగ్లేయుల కాలంలో లెక్క మారింది. చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. ఇప్పటివారికి వింతగా ఉంటుంది కానీ, అప్పుడు తిరుపతి చంద్రగిరి తాలూకాలో ఒక పట్టణం మాత్రమే. భూమి తగాదా అయినా, శిస్తు మాట అయినా చంద్రగిరికి పోవాలి, అక్కడ తేలకపోతే చిత్తూరుకు పోవాలి. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలను, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడులను, పుంగనూరు వంటి జమీందారీ ప్రాంతాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. దానితో చిత్తూరు మీదికి దారుల రద్దీ ఇంకా పెరిగింది. కోర్టు వాయిదాకు పోయే రైతులు ముందు రోజు సాయంత్రమే బండి కట్టుకుని బయలుదేరి, మధ్యలో సత్రంలో పడుకుని, తెల్లవారి చిత్తూరు చేరేవారని మా ఇంటి పెద్దలు చెప్పుకునేవారు.

రోడ్డు ఖర్చు ఎవరు పెట్టారన్నది కూడా చరిత్రలో భాగమే. మద్రాసు ప్రభుత్వం 1866లో జిల్లా రోడ్డు సెస్సు చట్టం తెచ్చింది, 1871లో స్థానిక నిధుల చట్టం, 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. రైతు కట్టే శిస్తు మీద మరికొంత పన్ను వేసి, ఆ సొమ్ముతో కంకర పరిచారు. అంటే ఈ రోడ్డు కంకరకు డబ్బు పెట్టినవారిలో ఆ చుట్టుపక్కల రైతులూ ఉన్నారు.

ఐతేపల్లి వాసి

రాజమహల్ వీధి గారికీ, సర్వే రాయి గారికీ, పాకాల జంక్షన్ గారికీ కృతజ్ఞతలు. వేలూరు–చంద్రగిరి దారి అన్న మాట నన్ను ఆలోచింపజేసింది. పెరటాసి నెలలో (సెప్టెంబరు–అక్టోబరు) తమిళ భక్తులు వేలూరు వైపు నుంచి పసుపు బట్టలు కట్టుకుని, గోవింద నామం చెబుతూ ఈ రోడ్డు పక్కన నడిచి పోవడం నేను ప్రతి ఏడూ చూశాను. బస్సు నెమ్మదించినప్పుడు వారి కాళ్లకు చుట్టుకున్న గుడ్డలు కూడా కనిపించేవి. వారు పట్టిన దారి ఆ పాత దారే కావచ్చు.

ఇక అంకెల సంగతి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కండక్టర్లు "కడప రోడ్డు", "తిరుపతి రోడ్డు" అనే అనేవారు. తరువాత బోర్డుల మీద 18 అని, 18ఏ అని కనిపించింది. ఇప్పుడు 40 అని, 140 అని ఉంది. కొందరు మిత్రులు ఇది పాత ఎన్‌హెచ్ 4 అని కూడా అంటున్నారు. ఏది సరైనది?

పటాల పెట్టె

పెద్దలందరికీ నమస్కారం. ఈ అంకెల లెక్క నాకు ఇష్టమైన విషయం, కనుక కొంచెం విపులంగా వ్రాస్తున్నాను.

ముందుగా, ఇది ఎన్‌హెచ్ 4 కాదు. పాత 4వ నంబరు బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరుకు వచ్చి, రాణిపేట మీదుగా చెన్నైకి పోయేది. చిత్తూరువారు ఇప్పటికీ బెంగళూరు రోడ్డును "ఎన్‌హెచ్ ఫోర్" అనే అంటారు, అందువల్ల ఈ పొరపాటు వస్తూ ఉంటుంది. కర్నూలు నుంచి కడప, రాయచోటి, పీలేరు, పూతలపట్టు మీదుగా చిత్తూరుకు వచ్చేది పాత 18. పూతలపట్టు నుంచి చీలి తిరుపతికి పోయే సుమారు 50 కిలోమీటర్ల కొమ్మ 18ఏ. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, పీలేరు, తిరుపతి, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి మీదుగా చెన్నైకి పోయేది 205.

2010లో కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తం మీద జాతీయ రహదారులకు కొత్త అంకెలు ఇచ్చింది. అందులో ఒక క్రమం ఉంది. ఉత్తర దక్షిణాలుగా పోయే ప్రధాన రహదారులకు సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు పోతూ ఆ సంఖ్యలు పెరుగుతాయి. తూర్పు పడమరలుగా పోయే వాటికి బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తున్నకొద్దీ అవి పెరుగుతాయి. ఒక ప్రధాన రహదారి నుంచి చీలే కొమ్మలకు మూడంకెల సంఖ్య ఇస్తారు, అందులో చివరి రెండు అంకెలు తల్లి రహదారివి. కర్నూలు–చిత్తూరు–రాణిపేట రోడ్డు ఉత్తర దక్షిణాలుగా పోతుంది కనుక 40 అయింది. దాని నుంచి పూతలపట్టు దగ్గర చీలిన మన రోడ్డు 140 అయింది. పాత 18ఏ అన్న పేరులోనూ, 140 అన్న పేరులోనూ ఉన్న అర్థం ఒకటే: ఇది కర్నూలు రోడ్డుకు పుట్టిన కొమ్మ.

పాత 205 మాత్రం మూడు ముక్కలైంది. అనంతపురం నుంచి మదనపల్లె దాకా 42లో కలిసింది. మదనపల్లె, పీలేరు, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట రోడ్డు 71 అయింది. రేణిగుంట నుంచి పుత్తూరు మీదుగా చెన్నైకి పోయేది 716లో పడింది. బెంగళూరు వైపు నుంచి చిత్తూరుకు వచ్చే పాత 4వ నంబరు ముక్క ఇప్పుడు 69, అది కర్ణాటక సముద్రతీరంలోని హొన్నావరంలో మొదలై చిత్తూరులో ముగుస్తుంది.

సర్వే రాయి

పటాల పెట్టె గారు చక్కగా చెప్పారు. ఒక్క మాట చేర్చుతాను. అంకె మారడం కేవలం బోర్డు మారడం కాదు. జాతీయ రహదారి అయినప్పుడు దాని ఖర్చు కేంద్రం మీద పడుతుంది, వెడల్పు కొలతలు మారతాయి, పక్కన ఇల్లు కట్టుకోవడానికి వదలవలసిన దూరం మారుతుంది. అందుకే ఒక రోడ్డు హోదాను కిలోమీటరు రాయి రంగు చూసి చెప్పేస్తారు. తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి.

ఏడుకొండల బస్టాండు

నమస్కారం. నేను తిరుపతిలో ఉంటూ పూతలపట్టు మండలంలో ఉపాధ్యాయినిగా పని చేస్తున్నాను, పదకొండేళ్లుగా రోజూ వెళ్లి వస్తున్నాను. పెద్దలు చెబుతున్న చరిత్ర చదువుతుంటే సంతోషంగా ఉంది. అయితే ఈ రోడ్డు మీద రోజూ తిరిగేవారి కథ కూడా ఇక్కడ నమోదు కావాలని కోరుకుంటున్నాను.

ఈ రోడ్డును నిలబెడుతున్నది యాత్రికులు అని బయటివారు అనుకుంటారు. తెల్లవారి ఆరున్నరకు బస్టాండుకు రండి, మీకే తెలుస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరు వైపు కలెక్టరేటు, కోర్టు ఉద్యోగులు, మా వంటి టీచర్లు వెళతారు. చిత్తూరు వైపు నుంచి తిరుపతికి యూనివర్సిటీ, కాలేజీ పిల్లలు, రుయా ఆసుపత్రికి, స్విమ్స్‌కు పోయే రోగులు, వారితో పాటు అన్నం మూటలు పట్టుకున్న బంధువులు వస్తారు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 1993లో స్విమ్స్ వచ్చిన తరువాత, చిత్తూరు జిల్లా కేంద్రమే అయినా చదువుకూ వైద్యానికీ మాత్రం తిరుపతి కేంద్రమైపోయింది. రెండు పట్టణాలూ చెరొక పనికి పెద్దవైనందువల్లే ఈ రోడ్డు మీద పొద్దున రెండు వైపులా బస్సులు నిండుతాయి. ఒక వైపు నిండుగా, మరొక వైపు ఖాళీగా పోయే రోడ్డు కాదు ఇది.

నాన్‌స్టాప్ బస్సు దొరికితే చిత్తూరు వారికి సుఖం. మధ్యలో దిగవలసిన మాకు పల్లెవెలుగు, లేదా డ్రైవరు గారి దయ.

మామిడి తోట

నేను దామలచెరువు దగ్గర రైతును. మీరందరూ మనుషుల ప్రయాణం గురించే మాట్లాడుతున్నారు, కాయల ప్రయాణం కూడా చెప్పనివ్వండి.

మా దామలచెరువు మామిడి మండీ ఈ ప్రాంతంలో పేరున్నది. మే నుంచి జులై దాకా ఈ రోడ్లు మావి. బేనిషా, మల్లిక, నీలం వంటి తినే కాయలు మండీ నుంచి లారీలలో బయటి రాష్ట్రాలకు పోతాయి. తోతాపురి మాత్రం గుజ్జుకే ఎక్కువ పోతుంది, చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు ట్రాక్టర్లలో తోలుతాము. పంట ఎక్కువై ధర పడిపోయిన ఏడు ఒక ఫ్యాక్టరీ ముందు నా ట్రాక్టరు రెండు రాత్రులు వరుసలో నిలిచింది. ట్రెయిలర్ కిందనే పడుకున్నాను. అడుగున ఉన్న కాయలు నలిగి, రసం చుక్క చుక్కగా తారు మీద పడి, తెల్లారేసరికి ఈగలు ముసిరాయి. మూడో రోజు తూకం వేసినప్పుడు తరుగు పేరుతో కోసింది వేరు, ఎండకు పోయింది వేరు. ఆ రెండు రాత్రులూ పక్కనుంచి పోయే బస్సుల వెలుతురు ముఖం మీద పడుతూనే ఉంది. మీలో ఎవరైనా ఆ బస్సులో ఉండి ఉంటారు.

రోడ్డు వెడల్పు అయినందువల్ల మాకు మేలు జరిగింది, కాదనను. వెనుక ట్రాఫిక్ ఆగిపోతుందన్న భయం లేకుండా ట్రాక్టరు తోలగలుగుతున్నాము. అయితే తోట ఒక వైపు, బావి మరొక వైపు పడిన రైతులు ఉన్నారు. వారికి అడ్డంగా దాటే చోటు కోసం చాలా దూరం చుట్టు తిరగవలసి వస్తోంది.

నిర్వాహకులు

చర్చ చాలా ఉపయోగకరంగా సాగుతోంది. మామిడి ధరల మీద వేరే చర్చ ఉన్నది కనుక, దయచేసి ఇక్కడ రోడ్డుకు సంబంధించినంత వరకే వ్రాయండి. మామిడి తోట గారు చెప్పిన, రోడ్డును అడ్డంగా దాటే చోట్ల విషయం ఈ చర్చకు చెందినదే, దానిని కొనసాగించవచ్చు.

సర్వే రాయి

విస్తరణ గురించి చెబుతాను. చిత్తూరు నుంచి మల్లవరం దాకా సుమారు 61 కిలోమీటర్లను ఆరు వరుసలుగా విస్తరించే పనిని హైబ్రిడ్ యాన్యుటీ అనే పద్ధతిలో చేపట్టారు. ఈ పద్ధతిలో ఖర్చులో 40 శాతం నిర్మాణ కాలంలోనే ప్రభుత్వం ఇస్తుంది, మిగిలిన 60 శాతాన్ని కాంట్రాక్టు సంస్థ ముందు పెట్టుకుంటుంది. ఆ సొమ్మును రోడ్డు పూర్తయిన తరువాత 15 సంవత్సరాల పాటు ఆరు నెలలకొక వాయిదాగా ప్రభుత్వం తీరుస్తుంది. టోల్ వసూలు ప్రభుత్వానిదే. కాబట్టి గాదంకి టోల్‌ప్లాజా దగ్గర మనం కట్టేది సంస్థకు నేరుగా పోతుందన్న అభిప్రాయం ఈ పద్ధతికి వర్తించదు.

రోజూ కారులో తిరిగేవారికి ఒక సూచన. టోల్‌ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివసించే సొంత వాహనదారులకు నెలవారీ పాస్ ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఏడాదికి 200 సార్లు దాటే ఫాస్టాగ్ పాస్ కూడా వచ్చింది, మొదట దాని ధర 3,000 రూపాయలు. వారానికి ఐదు రోజులు రానూ పోనూ దాటేవారికి ఆ 200 ఐదు నెలల లోపే అయిపోతాయి, కనుక గాదంకికి దగ్గరలో ఉన్నవారు నెలవారీ పాస్‌తో పోల్చి లెక్క వేసుకుని కొనండి.

రైతుల ఇబ్బంది నిజమే. ఆరు వరుసల రోడ్డుకు మధ్యలో ఇష్టం వచ్చిన చోట సందు వదిలితే ప్రాణాలు పోతాయి. అందుకే అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు. నా సర్వీసులో సందు మూయమన్న ఉత్తర్వు మీదా సంతకం పెట్టాను, సందు తెరవమని వచ్చిన ఊరివారి అర్జీలూ తీసుకున్నాను. రెండింటిలో ఏది తప్పని నేను ఇప్పటికీ చెప్పలేను.

ఏడుకొండల బస్టాండు

సర్వే రాయి గారూ, మీ మాట పట్ల గౌరవంతోనే చెబుతున్నాను. సందు మూయడం తప్పు కాదు, కానీ మూసిన చోట బస్సు ఎక్కడ ఆగాలో ఎవరూ నిర్ణయించకపోవడం తప్పు. నేను దిగే ఊరి దగ్గర బస్సులు కొన్ని సర్వీసు రోడ్డులోకి వస్తాయి, కొన్ని పైనుంచే పోతాయి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఎక్కడ నిలబడాలో తెలియక, పిల్లలూ నేనూ సర్వీసు రోడ్డుకూ పెద్ద రోడ్డుకూ మధ్య ఉన్న కంచె దగ్గర నిలబడి, బస్సు ఎటు వస్తే అటు పరుగెత్తుతాము. ఒక వర్షాకాలం సాయంత్రం అండర్‌పాస్‌లో మోకాలి లోతు నీళ్లు నిలిచి, ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు చెప్పులు చేతిలో పట్టుకుని, సంచులు నెత్తిన పెట్టుకుని దాటారు. రోడ్డు కింద నుంచి మనుషులు పోవాలని గీసినవారు, నీళ్లు కూడా ఆ దారినే పోతాయని గమనించలేదు.

ఇంతకు ముందు రెండు వరుసల రోడ్డు ఉన్నప్పుడు ప్రతి ఊరి దగ్గర ఒక చింతచెట్టు ఉండేది. ఆ చెట్టే స్టాపు. కొత్త డ్రైవరుకు కూడా తెలిసేది.

రాజమహల్ వీధి

అమ్మా, మీరు చింతచెట్ల మాట ఎత్తారు కనుక నేను కొంచెం ఎక్కువగా వ్రాస్తాను, క్షమించాలి.

ఈ రోడ్డుకు రెండు వైపులా చింతలు, మర్రిచెట్లు, వేపచెట్లు ఉండేవి. బండి ఎద్దులకూ బాటసారులకూ నీడ కోసం నాటిన చెట్లు అవి. మొదళ్లకు సున్నం, కావి రంగు పట్టీలు వేసి, మధ్యలో నల్లటి అంకె వ్రాసేవారు. ప్రతి చెట్టూ లెక్కలో ఉండేది. చింతకాయ కాపుకు వచ్చినప్పుడు చెట్ల ఫలసాయాన్ని వేలం వేసేవారు, పాడుకున్నవారు తమిళ నెలలైన మాసిలో గానీ పంగునిలో గానీ (ఫిబ్రవరి–ఏప్రిల్ మధ్య) మనుషులను పెట్టి దులిపించేవారు. ఆ రోజుల్లో బస్సు కిటికీ నుంచి చూస్తే, చెట్టు కింద గోనెపట్టాలు పరిచి, ఆడవాళ్లు కూర్చుని కాయలు ఏరుతూ కనిపించేవారు. పులుపు వాసన బస్సు లోపలికి వచ్చేది. చెట్టు చచ్చిపోతే దాని కట్టెను కూడా వేలం వేసి, ఆ సొమ్ము జమ కట్టేవారు. రోడ్డు తన ఖర్చులో కొంత తానే సంపాదించుకున్న కాలం అది.

విస్తరణలో ఆ చెట్లు పోయాయి. తప్పనిసరి అని నాకూ తెలుసు. అయితే మధ్య డివైడర్‌లో నాటిన గన్నేరు పూలు కంటికి బాగుంటాయే కానీ, మే నెల మధ్యాహ్నం బస్సు కోసం నిలబడిన ముసలామెకు నీడ ఇవ్వవు. సర్వీసు రోడ్డు అంచున కనీసం స్టాపు ఉన్న చోటైనా నాలుగు చింతమొక్కలు నాటితే పదేళ్లకు నీడ వస్తుంది. ఏ పంచాయతీ అయినా చేయగలిగిన పని.

పటాల పెట్టె

ఇంకొక మార్పు కూడా ఇక్కడ చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది. చంద్రగిరి, పాకాల మండలాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. పూతలపట్టు చిత్తూరు జిల్లాలోనే ఉంది. అంటే 140వ రోడ్డు పూర్తిగా చిత్తూరు జిల్లాలో ఉన్న కాలం 1911 నుంచి 2022 దాకా, 111 సంవత్సరాలు. ఇప్పుడు గాదంకి ఒక జిల్లా, పూతలపట్టు మరొక జిల్లా. చంద్రగిరివారు కలెక్టరేటు పని మీద చిత్తూరుకు పోవలసిన అవసరం తీరిపోయింది.

గాదంకి మాట వచ్చింది కనుక ఒక్క వాక్యం. రోడ్డు మీద పోయేవారికి టోల్‌గేటే గుర్తుంటుంది కానీ, 1992 నుంచి అక్కడ వాతావరణాన్ని పరిశోధించే పెద్ద రాడార్ ఉంది. 1,024 యాంటెన్నాలను ఒక మైదానంలో వరుసగా నిలిపారు. చుట్టూ ఉన్న కొండలు బయటి తరంగాల రొదను అడ్డుకుంటాయన్నది ఆ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం. బండ్లను చుట్టు తిప్పిన కొండలు రాడార్‌కు గోడలయ్యాయి.

ఐతేపల్లి వాసి

పటాల పెట్టె గారూ, మీరు చెప్పిన జిల్లా విభజన నా వంటి వారికి ఎంత దగ్గరి విషయమో చెప్పలేను. మా చంద్రగిరి నుంచి ఉదయం బస్సుకు వచ్చే ఉద్యోగుల గుంపు ఒకటి ఉండేది. ఫలానా వారు రాలేదంటే కండక్టరే "ఈ రోజు సెలవా?" అని అడిగేవారు. విభజనతో వారిలో సగం మందికి తిరుపతిలో పోస్టింగులు వచ్చాయి. మొన్న ఆ బస్సు ఎక్కి చూశాను. పూతలపట్టు వెళ్లే టీచర్లు, కాణిపాకం దర్శనానికి పోయే కుటుంబాలు ఉన్నారు. ఫైళ్ల సంచి పట్టుకున్నవారు ఒక్కరూ కనిపించలేదు.

సర్వే రాయి గారిని ఒక విషయం అడగాలి. పనపాకం దాటిన తరువాత, పాత రోడ్డు ముక్క ఒకటి కొత్త రోడ్డుకు పక్కగా మిగిలిపోయి ఉంది. దాని అంచున ఒక పశువుల కొట్టం ముందు కిలోమీటరు రాయి ఒకటి సగం మట్టిలో కూరుకుని ఉంది. దానికి గేదెను కట్టేస్తున్నారు. తాడు రాసుకుని రాసుకుని ఒక వైపు రంగు పొరలు లేచాయి. పైన పసుపు ఉంది, దాని కింద ఆకుపచ్చ కనిపిస్తోంది, ఆ కింద ఒట్టి సున్నం. అంకె సరిగా కనబడడం లేదు. మీరు చెప్పిన రంగుల లెక్క ప్రకారం దీనికి అర్థం ఏమిటి?

సర్వే రాయి

మీరు చూసినది సరి అయితే, ఆ రాయి ఒక్కటే ఈ చర్చలో మనం వ్రాసినదంతా చెబుతోంది. అడుగున ఉన్న సున్నం జిల్లా బోర్డు, జిల్లా పరిషత్తుల కాలంనాటిది కావచ్చు. ఆకుపచ్చ రాష్ట్ర రహదారిగా ఉన్న కాలం. పైన ఉన్న పసుపు 18ఏ అయిన తరువాత వేసినది. 140 అంకె వచ్చేనాటికి ఆ ముక్క వాడుకలో ఉందో లేదో అంకె చదివితే తెలుస్తుంది. దయచేసి ఎవరూ రాయిని గీకి చూడవద్దు, పొరలు పోతే మళ్లీ రావు. తడిగుడ్డతో మట్టి తుడిచి, ఉదయం ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే చెక్కిన గీతలు కనబడతాయి. తల ఎత్తు, వెడల్పు కూడా టేపుతో కొలవండి, పాత రాళ్ల కొలతలు వేరుగా ఉండేవి.

రాజమహల్ వీధి

ఆదివారం నేను వస్తాను. కొట్టం యజమానిని ముందుగా అడిగి అనుమతి తీసుకోవడం మర్యాద. గేదెను కట్టడానికి ఆయనకు వేరే గుంజ పాతి ఇద్దాము.

ఏడుకొండల బస్టాండు

నేనూ వస్తాను మాస్టారూ. మా పాఠశాల పిల్లలు ఇద్దరికి ఈ చర్చ చదివి వినిపించాను, వారూ వస్తామంటున్నారు. ఉదయం ఆరు నలభైకి తిరుపతిలో బయలుదేరే పల్లెవెలుగు ఎక్కితే ఎండ ముదరక ముందే పనపాకంలో దిగవచ్చు. ఐతేపల్లి వాసి గారు దారిలో చంద్రగిరిలో ఎక్కవచ్చు, ఎడమ వైపు కిటికీ సీటు ఉంచుతాము.

మామిడి తోట

పాత గుంజ ఒకటి మా తోటలో ఉంది, టేకుది. ట్రాక్టరులో వేసుకుని పనపాకం దగ్గరకు తెస్తాను. గడ్డపార కూడా తెస్తున్నాను.